జడ్4 కిందికి దూరే ట్రాలీ జాకీ ఏది కొనాలి? (నెల్లూరు, ఇంటి పోర్టికోలో పని)

పెన్నా_రోడ్‌స్టర్ (నెల్లూరు):

అన్నలందరికీ నమస్తే. కారు బీఎండబ్ల్యూ జడ్4, ఇ89 మోడల్, 35ఐ. ముందు టైర్లు 225/40 ఆర్18, వెనక 255/35 ఆర్18. బ్రేక్ ప్యాడ్లు మార్చడం, ఇంజన్ ఆయిల్, ముందు చక్రాలు వెనక్కి వెనకవి ముందుకి మార్చడం లాంటి పనులన్నీ ఇంటి దగ్గరే చేసుకోవాలని ఉంది. పాత ఇన్నోవా కోసం కొన్న 2 టన్నుల ట్రాలీ జాకీ ఉంది గానీ, పూర్తిగా దించినా దాని ఎత్తు 135 మి.మీ. కారు సైడ్ స్కర్ట్ (పక్కల కింది ప్లాస్టిక్ అంచు) కిందికి దూరడం లేదు.

ఆన్‌లైన్లో చూస్తే ఒకడు 75 అంటాడు, ఒకడు 85, ఇంకొకడు 100 పెట్టి అది కూడా లో ప్రొఫైలే (తక్కువ ఎత్తుదే) అంటాడు. 2 టన్నులు తీసుకోవాలా, 3 టన్నులా? ఇనుమా, అల్యూమినియమా? పోర్టికోలో పాలిష్ పెట్టిన చీమకుర్తి గ్రానైట్ పరిచి ఉంది, డ్రైవర్ పక్క గోడకీ కారుకీ మధ్య 900 మి.మీ. ఖాళీ ఉంటుంది. జాకీకి 15 వేల దాకా పెట్టగలను. స్టాండ్లకి వేరే.

కావలి_స్పానర్:

టన్నుల సంగతి చివర్లో చూద్దాం, అన్నిటికన్నా తేలిక అదే. ముందు టేపు తీసుకుని కారు దగ్గరికి వెళ్లండి. టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, పని చేసే చోటే కారు నిలిపి కొలవాలి.

సిల్ (డోర్ కింది బాడీ అంచు) కింద ప్రతి చక్రం దగ్గర దీర్ఘచతురస్రంగా నల్లటి ప్లాస్టిక్ జాకింగ్ ప్యాడ్ ఉంటుంది. ప్యాడ్ అడుగు నుంచి నేలకి ఎంత, దాని బయట ఉన్న సైడ్ స్కర్ట్ అంచు నుంచి నేలకి ఎంత, ముందు లిప్ (బంపర్ కింది అంచు) నుంచి నేలకి ఎంత. ఈ మూడూ రాసుకోండి. నాలుగోది మీరు కొనబోయే రబ్బర్ పక్ (ప్యాడ్‌కీ జాకీకీ మధ్య పెట్టే దిమ్మ) మందం. బీఎండబ్ల్యూ ప్యాడ్ మధ్యలో గాడి ఉంటుంది, అందులో ఇరుక్కునే రబ్బర్ పక్కులు దొరుకుతాయి, 25 మి.మీ. అటూఇటూ ఉంటాయి. చాలామంది ఈ పక్కుని లెక్కలో వెయ్యరు. 100 మి.మీ. జాకీ 118 ఎత్తున్న ప్యాడ్ కిందికి పోతుందిలే అని కొంటారు, పక్ పెట్టగానే 125 అయి కూర్చుంటుంది. పక్కుని శాడిల్ మీద, అంటే బరువు మోసే గిన్నె మీద పెట్టి తోయడం కన్నా ముందే ప్యాడ్ గాడిలో ఇరికించడం మేలు. అప్పుడు స్కర్ట్ అంచు దాటాల్సింది వట్టి శాడిల్ ఒక్కటే.

కేటలాగులో 'కనీస ఎత్తు 80' అని ఉంటే అది శాడిల్ దగ్గర మాత్రమే. దాని వెనక జాకీ పక్క పలకలు పైకి లేస్తూ పోతాయి. చేతి కర్ర బిగించే చోటికి వచ్చేసరికి 150 నుంచి 170 మి.మీ. దాకా కూడా ఉంటాయి. సిల్ ప్యాడ్ స్కర్ట్‌కి పక్కనే ఉంటుంది కాబట్టి దాంతో పేచీ రాదు. కానీ ముందు నుంచి లిప్ కింద దూర్చి మధ్యలో ఉన్న క్రాస్ మెంబర్ (అడ్డ దూలం) అందుకోవాలంటే మాత్రం లిప్ నుంచి ఆ పాయింట్ దాకా జాకీ ఎంత పొడవున తక్కువ ఎత్తులో ఉందో చూడాలి. శాడిల్ వెనక 400 మి.మీ. దగ్గర పలక ఎత్తు ఎంతో షాపులోనే టేపు పెట్టి కొలవండి. ఈ అంకె ఏ డబ్బా మీదా రాయరు.

ఇక గరిష్ఠ ఎత్తు. ఎత్తిన కారుని మోసే మామూలు 3 టన్నుల స్టాండ్ అట్టడుగు మెట్టు మీద 280 నుంచి 300 మి.మీ. ఉంటుంది. స్టాండ్ లోపలికి తోయడానికి కాస్త ఖాళీ కావాలి గనక ప్యాడ్ 320 దాకా లేవాలి. చక్రం విప్పే పనికి అది చాలు. అడుగున పడుకుని ఆయిల్ దింపాలంటే 350 నుంచి 400 లేకపోతే మోచెయ్యి మడవడానికి కూడా చోటుండదు. గరిష్ఠం 330, 340 ఉన్న చిన్న జాకీలు ఆ ఎత్తుకి చేరేసరికి చివరి అంచు మీద ఉంటాయి, అక్కడ జాకీ చెయ్యి (శాడిల్‌ని పైకి లేపే కమ్మీ) బాగా నిటారుగా లేచి పక్కలకి ఊగుతుంది. 450 పైన ఉన్నది తీసుకోండి.

టన్నులు: కారు దాదాపు 1,600 కిలోలు. ఒక మూల ఎత్తితే సుమారు 400, ఒక పక్క మొత్తం లేస్తే 800. కాగితం మీద టన్నున్నర జాకీ చాలు. 2.5 లేదా 3 టన్నులది తీసుకోమనేది బరువు కోసం కాదు. దాని ఫ్రేము వెడల్పు, పిన్నుల మందం, పక్కలకి ఊగకుండా ఉండటం కోసం.

అల్యూమినియం టన్నున్నర జాకీలు 12 నుంచి 15 కిలోలే ఉంటాయి, ట్రాక్ దగ్గరికి తీసుకుపోయేవాళ్లకి హాయి. వాటి గరిష్ఠ ఎత్తు మాత్రం ఎక్కువగా 360 దగ్గరే ఆగిపోతుంది. 3 టన్నుల ఇనుము లో ప్రొఫైల్ 35 కిలోల పైచిలుకు. ఇంట్లో ఒక మూలన ఉండేదానికి ఆ బరువు పెద్ద ఇబ్బంది కాదు. నా ఓటు ఇనుముకే.

ఇంకో మాట. మీకు ముందు 225, వెనక 255. చక్రాలు ముందుకీ వెనక్కీ మార్చడం కుదరదు. ఆ పని జాబితాలోంచి కొట్టేయండి.

పెన్నా_రోడ్‌స్టర్:

కొలిచానన్నా. ప్యాడ్ కింద 118, స్కర్ట్ అంచు 110, ముందు లిప్ 105. నాలుగు చక్రాలకీ మామూలు ట్యూబ్‌లెస్ టైర్లే, పాత ఓనర్ రన్‌ఫ్లాట్లు తీసేయించాడు. పంక్చర్ అయితే కూడా ఈ జాకీతోనే ఎత్తుకోవచ్చు కదా?

కావలి_స్పానర్:

అక్కడే తకరారు. 225లో 40 శాతం అంటే సైడ్‌వాల్ 90 మి.మీ. రన్‌ఫ్లాట్ అయితే గోడ గట్టిగా ఉండి కారుని నిలబెడుతుంది. మామూలు టైర్లో గాలి పూర్తిగా పోతే అందులో సగానికి పైగా దిగిపోతుంది. మీ 118 కాస్తా 65, 70 దగ్గరికి వస్తుంది. 75 మి.మీ. జాకీ కూడా దూరదు. కాబట్టి టైర్ ఇన్‌ఫ్లేటర్ ఒకటి డిక్కీలో ఉంచండి. మేకు దిగిన టైరు గాలి కొడితే కాసేపైనా నిలుస్తుంది, ఆ లోపల జాకీ పెట్టెయ్యొచ్చు. సైడ్‌వాల్ చిరిగిపోయి గాలి అసలు ఆగకపోతే కారుని నెమ్మదిగా 40 మి.మీ. పలక మీదికి ఎక్కించి అప్పుడు దూర్చాలి. ఆ ముక్క కూడా డిక్కీలో పడి ఉంటే నష్టం లేదు.

ట్రంక్‌రోడ్_పాతకాపు:

ఇంత లెక్కలెందుకు తమ్ముడూ. ఉన్న జాకీ 135 కదా. రెండు తుమ్మ పలకలు చేయించు, చక్రాలు వాటి మీదికి ఎక్కించు, పాత జాకీనే దూరుతుంది. 15 వేలు మిగుల్తాయి.

కావలి_స్పానర్:

పాతకాపు గారు చెప్పింది కొట్టిపారేసేది కాదు. లెక్క చూడండి: 135కి పక్ 25 కలిపితే 160. ప్యాడ్ 118. 50 మి.మీ. పలక ఎక్కిస్తే 168, దూరుతుంది గానీ 8 మి.మీ. మాత్రమే సందు. 38 మి.మీ. పలకలు రెండు మెట్లుగా బిగిస్తే 194 వస్తుంది, ధారాళంగా పోతుంది. వెడల్పు 300 ఉండాలి, ఎందుకంటే వెనక టైరు 255. కింది పలక పొడవు 800, పై పలక 500. ఎక్కే అంచుని రంపంతో ఏటవాలుగా కోయించండి, లేకపోతే లిప్ కంటే ముందు టైరే పలకని తన్ని అవతలికి పంపుతుంది. మేకులు వద్దు, స్క్రూలు వాడి తలలు చెక్కలోకి దిగేలా బిగించాలి.

అయినా లో ప్రొఫైల్ జాకీ ఎందుకంటే, పలక పద్ధతికి కారు కదలాలి. బ్రేక్ పట్టేసి చక్రం తిరగకపోయినా, బ్యాటరీ చచ్చి గేరు పార్క్‌లో ఇరుక్కున్నా పలక మీదికి ఎక్కించేదెట్లా? పైగా పోర్టికోలో పాలిష్ రాయి మీద పలక జారుతుంది, కింద రబ్బర్ అతికించాలి. నెలకోసారి చక్రాలు విప్పేవాళ్లకి జాకీ, ఏడాదికోసారి ప్యాడ్లు మార్చేవాళ్లకి పలకలు. నేనయితే రెండూ పెట్టుకోమంటా. ఆయిల్ మార్చేటప్పుడు పలకల వల్ల లిప్ పైకి లేచి, ముందు నుంచి కూడా దారి దొరుకుతుంది.

చీమకుర్తి_బ్లాక్:

నేల గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా.

పోర్టికోలో పరిచే గ్రానైట్ పలక 18, 20 మి.మీ. మందమే. కింద సిమెంటు ఒక పొరగా నిండుగా పడితే టన్ను బరువైనా మోస్తుంది. తాపీ మేస్త్రీ మధ్యలో ముద్దలు ముద్దలుగా వేసి అంటించి ఉంటే సందుల్లో బోలుగా ఉండిపోతుంది. ట్రాలీ జాకీ బరువంతా దాదాపు ముందున్న రెండు సన్నటి చక్రాల మీద పడుతుంది. అది బోలు మీద పడితే పలక పుటుక్కున చీలుతుంది, ఆ కుదుపుకి జాకీ పక్కకి ఒరుగుతుంది. జాకీ నడిచే చోటూ స్టాండ్లు నిలిచే చోటూ చెక్క సుత్తితోనో స్క్రూడ్రైవర్ పిడితోనో తట్టి చూడండి. గట్టిగా టక్ మంటే సరే. డబడబమంటే అక్కడ బరువు పెట్టొద్దు. పార్కింగ్ టైల్స్ పరిచినవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం.

సాధారణంగా అందరూ ఇచ్చే సలహా జాకీ కింద 18 మి.మీ. ప్లైవుడ్ వెయ్యమని. మీ కారుకి అది చెల్లదు. 80 జాకీ, 18 ప్లై, 25 పక్ కలిపితే 123. మీ ప్యాడ్ 118. అందుకని 4 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) షీటు, 600 బై 900 సైజులో కోయించండి. ఏ ఫ్యాబ్రికేషన్ షాపులోనైనా కోసిస్తారు, 17 కిలోలు తూగుతుంది. పాలిష్ రాయి మీద వట్టి ఇనుప షీటు సబ్బుబిళ్లలా జారుతుంది, అందుకని అడుగున 2 మి.మీ. రబ్బర్ షీట్ పరవాలి. అంతా కలిపితే 111. ఇంకా 7 మి.మీ. సందు ఉంటుంది. అంచులు ఫైలుతో రుద్దించండి, పాదాలు తెగుతాయి.

జాకీ ఎత్తుతున్నప్పుడు శాడిల్ నిటారుగా పైకి పోదు. వంపుగా పోతుంది. 80 నుంచి 320కి లేచే లోపల 40, 50 మి.మీ. చేతి కర్ర వైపు వెనక్కి వస్తుంది. ఆ మేరకు జాకీ తనంతట తానే కారు కిందికి దొర్లాలి. దొర్లకుండా చక్రాలు టైల్ జాయింట్‌లో చిక్కుకున్నా, ఇసుకలో దిగినా శాడిల్ ప్యాడ్‌ని లాగుతుంది, లేదంటే కారునే పక్కకి ఈడుస్తుంది. జాకీ ఇనుప షీటు మీద సాఫీగా దొర్లుతుంది కాబట్టి షీటు అందుకు కూడా పనికొస్తుంది. జాకీ చక్రాలకి అడ్డం పెట్టకండి. అడ్డం పెట్టాల్సింది కారు చక్రాలకి.

పోర్టికో నేల వాన నీళ్లు పోవడానికి గేటు వైపు వాటం ఉంటుంది. అది కంటికి కనపడదు, లెవెల్ గొట్టం పెడితే తెలుస్తుంది. అడ్డు చెక్కలు గేటు వైపు తప్పనిసరి. నున్నటి రాయి మీద వట్టి చెక్క టైరుతో పాటే జారుతుంది. అడుగున రబ్బర్ ఉన్నవి తీసుకుని, చక్రానికి ముందూ వెనకా పెట్టి రెండిటినీ తాడుతో బిగించండి.

ఇంకో సంగతి. మా వైపు ఏ ఇంటి ముందు చూసినా గ్రానైట్ ముక్కలు పడి ఉంటాయి. రాయి కదా, గట్టిదే కదా అని దొంతర పేర్చి కారుని దాని మీద దించేవాళ్లు ఉండారు. రాయి పరుచుకున్న బరువుని మోస్తుంది గానీ ఇనుప అంచు ఒకచోట నొక్కితే చీలుతుంది. పైగా పాలిష్ ముఖం మీద పాలిష్ ముఖం ఆగదు. ఇటుకలు, సిమెంటు బ్రిక్స్ అంతకన్నా అధ్వానం, చిట్లే ముందు చిన్న శబ్దం కూడా చెయ్యవు. జాకీ స్టాండ్లు లేకుండా కింద దూరొద్దు.

పెన్నా_రోడ్‌స్టర్:

గోడ పక్క 900 మి.మీ. ఖాళీ చాలుతుందా? జాకీ పొడవే 700 ఉందంటున్నారు.

కావలి_స్పానర్:

చాలదు. శాడిల్ స్కర్ట్ లోపలికి 100 పోతే జాకీ ఒళ్లు 600 బయట ఉంటుంది. చేతి కర్ర 1,100. అది నిటారుగా ఉన్నంతసేపూ సరే, పంపు కొట్టడానికి 45 డిగ్రీలు వంచారంటే ఇంకో 780 కావాలి. మొత్తం 1,380. కర్ర రెండు ముక్కలుగా ఉంటే కింది ముక్క ఒక్కటే పెట్టి కొట్టొచ్చు గానీ బలం రెట్టింపు పెట్టాలి, దెబ్బకి లేచేది కూడా గోరంతే. తేలిక మార్గం ఏందంటే, ఆ పక్క పని ఉన్నరోజు కారుని అవతలి గోడకి దగ్గరగా నిలపండి. అదీ కుదరకపోతే జాకీని అడ్డంగా కాకుండా ఏటవాలుగా దూర్చండి. శాడిల్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ప్యాడ్‌కి ఏ కోణంలోనైనా సరిగ్గా ఆనుతుంది. జాకీ దొర్లే దిశ మారుతుంది, దారిలో టైల్ జాయింట్ లేకుండా చూసుకోవాలి.

ఒంగోలు_హైడ్రాలిక్స్:

కొనే ముందు షాపులో చూడాల్సినవి, కొన్నాక చెయ్యాల్సినవి చెప్తాను. నెల్లూరు నుంచి చెన్నై జి.పి. రోడ్డు, మాకయితే విజయవాడ ఆటోనగర్. రెండు చోట్లా చేత్తో పట్టి చూసి కొనొచ్చు. 35 కిలోల సరుకు కొరియర్‌లో వచ్చేటప్పుడు తలకిందులవుతుంది, నూనె కారిపోతుంది, గాలి దూరుతుంది. అది పాడైనట్టు కాదు గానీ చాలామంది వాపసు పంపించేస్తుంటారు.

షాపులో: చెయ్యి పూర్తిగా దింపి శాడిల్ పై అంచు దాకా టేపు పెట్టండి. 75 అని రాసినవి 82 చూపించిన సందర్భాలు ఉంటాయి, మీకు ఆ 7 మి.మీ. కూడా విలువైనదే. చెయ్యి సగం ఎత్తి శాడిల్ పట్టుకుని పక్కలకి ఊపండి. కాస్త కదలిక సహజం, టకటక కొట్టుకుంటే పిన్ను రంధ్రాలు వదులు. వెల్డింగు రెండు పక్కలా ఒకే తీరుగా ఉండాలి. వెనక చక్రాలు తిరిగే చోట బిగుతు లేకుండా ఆడాలి. నైలాన్ చక్రాలు రాయి మీద గీతలు పెట్టవు, ఇనుప చక్రాలు ఎక్కువ కాలం వస్తాయి. మీరు షీటు వేస్తారు గనక ఇనుపవైనా పర్వాలేదు. డబ్బా మీద యూరప్ ప్రమాణం ఇ.ఎన్. 1494 అనో, అమెరికా వాళ్ల ఏ.ఎస్.ఎం.ఇ. పేస్ అనో ఉందేమో చూడండి. అచ్చు వేసినంత మాత్రాన నమ్మనక్కర్లేదు, కానీ అసలేమీ లేనిదానికన్నా నయం.

రెండు పంపులు ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి. బరువు లేనప్పుడు నాలుగైదు దెబ్బల్లో ప్యాడ్‌కి తగిలి, బరువు పడగానే మామూలు వేగానికి వస్తుంది. అంతకన్నా ముఖ్యం దించే వాల్వు. కర్రని కొద్దికొద్దిగా తిప్పుతుంటే బరువు నెమ్మదిగా దిగాలి. కొన్ని చవక జాకీల్లో పావు తిప్పుడు దాకా ఏమీ ఉండదు, ఆ తర్వాత ఒక్కసారిగా దబ్బున పడతాయి. స్టాండ్ మీద కారు దబ్బున పడటం అంటే ప్యాడ్ పగలడం, ఒక్కోసారి స్టాండే వాలిపోవడం. షాపువాడి కారునో ఆటోనో ఎత్తించి దింపించి చూడండి, మొహమాటపడొద్దు.

ఇంటికి తెచ్చాక మొదట గాలి తీయాలి. వాల్వు తెరిచి ఉంచి కర్రని నిండుగా పది దెబ్బలు కొట్టండి, వాల్వు బిగించి చెయ్యి పైదాకా లేపండి, మళ్లీ దించండి. ఇంకా స్పాంజిలా మెత్తగా ఉంటే ఇంకోసారి. నూనె చూడాలంటే చెయ్యి పూర్తిగా దించి రబ్బర్ బిరడా తీయాలి. రంధ్రం అంచుకి కాస్త కింద దాకా నూనె ఉంటే సరిపోతుంది. చెయ్యి పైన ఉన్నప్పుడు నింపితే, దించేటప్పుడు ఆ నూనె పోవడానికి చోటు లేక సీళ్లలోంచి తన్నుకొస్తుంది. హైడ్రాలిక్ జాక్ ఆయిల్, లేదా ఐఎస్ఓ 22 లేక 32 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్ పొయ్యండి. బ్రేక్ ఆయిల్ మాత్రం పొయ్యకండి, జాకీలో ఉండే నైట్రైల్ రబ్బర్ సీళ్లు అది తగిలితే ఉబ్బి మెత్తబడి చచ్చిపోతాయి.

తరవాత పరీక్ష. కారుని ఎత్తి, పక్కన స్టాండ్ పెట్టే ఉంచి, సిల్ ఎత్తు కొలిచి పది నిమిషాలు ఆగండి. ఒకట్రెండు మి.మీ. దిగితే వదిలేయండి. కళ్లముందే దిగుతుంటే మొదట వాల్వు పూర్తిగా బిగిసిందో లేదో చూడాలి. తర్వాత అనుమానం వాల్వు గోళీ కూర్చునే చోట మురికి. నూనె మార్చి, వాల్వు తెరిచి నాలుగుసార్లు వేగంగా కొడితే చాలాసార్లు కొట్టుకుపోతుంది. పైదాకా లేవకుండా మధ్యలోనే ఆగితే నూనె తక్కువ. కర్రే ఎదురు తంతే పంపు దగ్గరి చెక్ వాల్వు గోళీ సరిగా కూర్చోవడం లేదు. ర్యామ్ (సిలిండర్‌లోంచి బయటికొచ్చి చేతిని తోసే కడ్డీ) చుట్టూ నూనె చెమర్చి దుమ్ము అంటుకుంటే సీలు పోయింది. సీలు విప్పి ముక్కని వెంట తీసుకెళ్తే జేసీబీ సీళ్లు అమ్మే షాపుల్లో సైజు చూసి ఇస్తారు. లోపల పెయింట్ వేసి మూసిన ఓవర్‌లోడ్ స్క్రూ ఒకటి ఉంటుంది, దాని జోలికి పోవద్దు.

మన తీరప్రాంతం వాళ్లకి ఇంకొకటి. మైపాడు వైపో, కొత్తపట్నం వైపో ఇల్లుంటే ఉప్పుగాలికి ర్యామ్ మీద క్రోమ్ పొక్కుతుంది. ఆ పొక్కు పైకీ కిందికీ పోయిన ప్రతిసారీ సీలుని గీస్తుంది. జాకీని ఎప్పుడూ చెయ్యి పూర్తిగా దించే దాచాలి, అప్పుడు ర్యామ్ సిలిండర్ లోపల నూనెలో ఉంటుంది. పిన్నులకీ చక్రాలకీ గ్రీజు. మూలన నిలువుగా ఆనించి పెడితే బిరడాలోంచి నూనె ఊరుతుంది, పడుకోబెట్టే ఉంచండి.

పెన్నా_రోడ్‌స్టర్:

అర్థమైందన్నా. ఒక సందేహం మిగిలింది. జాకీ ఆ ప్యాడ్ కిందే పెట్టి, స్టాండ్ కూడా ఆ ప్యాడ్ కిందే పెట్టాలంటే ఎట్లా?

కావలి_స్పానర్:

సిల్ ప్యాడ్లున్న కార్లన్నిటికీ ఇదే తలనొప్పి. జాకీ పెట్టడానికి వేరే చోటు కావాలి, అది వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూపించిన సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ని మోసే చట్రం) పాయింట్ అయ్యుండాలి. జాకీ అక్కడ, స్టాండ్ ప్యాడ్ కింద. ఆయిల్ చాంబర్, గేర్‌బాక్స్, వెనక డిఫరెన్షియల్, అడుగున ఉండే ప్లాస్టిక్ కవచం, సస్పెన్షన్ ఆర్ములు వీటిలో ఏదీ జాకీ పెట్టే చోటు కాదు. రెండో దారి, జాకీ మీదే కూర్చుని కారుతో పాటు పైకి లేచే అడ్డపట్టీ ఉన్న స్టాండ్లు. పైకి లేపాక రెండు పక్కలా కాళ్లు దూర్చి పిన్నులు వేసి జాకీని లాగేస్తారు. మన దగ్గర తెప్పించుకోవాలి, ఖరీదు ఎక్కువే. మూడోది, ఆయిల్ మార్చడం లాంటి చక్రం విప్పని పనులకి ప్యాడ్ దగ్గర ఎత్తి టైరు కింద చెక్క దొంతర పెట్టడం. 300 వెడల్పు పలకల్ని అడ్డం నిలువూ పేర్చి స్క్రూలు బిగిస్తే అది మామూలు స్టాండ్ కన్నా కదలకుండా ఉంటుంది.

స్టాండ్లు కొనేటప్పుడు పిన్ను రకం చూడండి. 2020లో అమెరికాలో ఒక పెద్ద దుకాణాల సంస్థ 3, 6 టన్నుల స్టాండ్లని వెనక్కి పిలిపించింది, పళ్లకి పట్టుకునే నాలుక సరిగా దిగక బరువు మీద జారిపోతున్నాయని. పళ్ల రకమే కొంటే అదనంగా అడ్డు పిన్ను ఉన్నది తీసుకోండి.

ఎత్తే వరస: డోర్లూ రూఫూ ముందే మూసేయండి. కారు స్టాండ్ల మీద ఉండగా రూఫ్ తెరవడం మూయడం వద్దు, ఓపెన్ కారు బాడీ ఒక మూల లేస్తే కొద్దిగా మెలి తిరుగుతుంది. కారుని తాళం వేసి ఎత్తారంటే వాలు గుర్తుపట్టే సెన్సర్ ఉన్న అలారం వీధంతా లేపుతుంది. చక్రం బోల్టులు 17 నంబరు, నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చెయ్యండి. వెనక పక్క ఎత్తుతున్నారంటే హ్యాండ్‌బ్రేకూ, పార్క్ గేరూ రెండూ వెనక చక్రాలనే పడతాయి, కాబట్టి ఆధారం ముందు చక్రాల అడ్డు చెక్కలే. ఒక వెనక చక్రమే గాల్లో ఉంటే పార్క్ గేరు ఇంకా మోసం. గాల్లో చక్రం వెనక్కి తిరుగుతూ నేల మీది చక్రాన్ని ముందుకి దొర్లనిస్తుంది.

ఒక పక్కని ఒకేసారి 320కి లేపితే కారు దాదాపు 8 డిగ్రీలు వాలుతుంది, అవతలి స్టాండ్ పెట్టేటప్పుడు మొదటి స్టాండ్ కాలు లేస్తుంది. రెండు పక్కలూ మెట్లు మెట్లుగా లేపండి. స్టాండ్ మీద దించాక జాకీని పూర్తిగా తీసెయ్యకుండా ప్యాడ్‌కి అంటీ అంటనట్టు ఉంచి, కారుని భుజంతో ఒకసారి గట్టిగా నెట్టి చూడాలి. ఊగేది ఉంటే అప్పుడే ఊగుతుంది. విప్పిన చక్రాన్ని సిల్ కింద పడేసి ఉంచండి.

మీ లెక్కకి సరిపోయేది: కొలిచినప్పుడు 80 లోపు, గరిష్ఠం 450 పైన, 2.5 లేక 3 టన్నులు, ఇనుము, రెండు పంపులు, రెండు ముక్కల కర్ర. 15 వేలలో వీటన్నిటికీ దొరక్కపోతే రెండు పంపులు వదులుకోండి. ఎత్తు దగ్గర మాత్రం రాజీ పడొద్దు.

చక్రాలు బిగించేటప్పుడు గాల్లో చేత్తో, నేల మీదికి దించాక టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లు, ఎదురెదురు బోల్టుల వరసలో. ఒకసారి కావలి దాకా వచ్చిపొండి, వెళ్లాక చల్లారనిచ్చి మళ్లీ అదే 120 పెట్టి చూడండి.